ముట్టుకుంటేనే మోగుతుంది

మొన్న సంక్రాంతి సంబరాలకి స్కూలు హాలు బయట నడవలో, కాఫీ బల్లకీ టిక్కెట్ల బల్లకీ మధ్యన, ఒక చెక్క చట్రానికి పదకొండు అల్యూమినియం గొట్టాలు వేలాడదీసి పెట్టిన సంగతి వచ్చినవారందరికీ గుర్తుండే ఉంటుంది. చూడనివారికి కూడా వినబడే ఉంటుంది. తాడు లాగితే సుత్తి కదిలి గొట్టాన్ని కొడుతుంది, గొట్టం మోగుతుంది. అంతే. దాన్ని తయారుచేసిన నలుగురిలో నేనొకణ్ణి. వచ్చే దసరాకి దాన్ని మళ్ళీ పెట్టాలా, లేక విప్పేసి గొట్టాలని తుక్కు కింద వేసేయాలా అన్నది ఇప్పుడు కార్యవర్గం ముందున్న ప్రశ్న. దీనిమీద ఇప్పటికే రెండు సమావేశాలు నడిచాయి, రెండుసార్లూ సమోసాలు అయిపోయాయి గానీ మాట తేలలేదు. నా వోటు పెట్టాలనే. ఈ ఉగాది సంచికలో నాకిచ్చిన చోటు ఆ సంగతి చెప్పడానికే వాడుకుంటున్నాను. సొంత డబ్బా అని కొందరు అనుకోవచ్చు. డబ్బా కాదు, గొట్టమే.

ఇలాంటివాటిని ఇంగ్లీషులో సౌండ్ స్కల్ప్చర్ అంటారు, మనం శబ్దశిల్పం అందాం. వాద్యాన్ని వాయించాలంటే ఏళ్ళ తరబడి సాధన చేసినవారు ఒకరుండాలి, మిగతావాళ్ళం కూర్చుని వినాలి. శబ్దశిల్పానికి ఆ పట్టింపు లేదు. దారినపోయేవారెవరైనా ఓ చెయ్యి వేయవచ్చు. వేయకపోతే అది ఉత్త ఇనప సామాను. ఇదేదో ఈ దేశం వాళ్ళ వింత సరదా అని సమావేశంలో ఒక పెద్దమనిషి అన్నారు. ఆయన్ని చిన్నప్పుడు వాళ్ళ నాన్నగారు నడుం పట్టుకుని పైకెత్తి గుడిగంట కొట్టించే ఉంటారు. గుడిగంట కొట్టడానికి ఎవరూ సంగీతం నేర్చుకోనక్కరలేదు. ధనికుడు కొట్టినా పేదవాడు కొట్టినా ఒకటే మోత. కొట్టినవాడికి తాను వచ్చినట్టు తనకే తెలుస్తుంది, లోపలున్నవాళ్ళకీ తెలుస్తుంది. నన్నడిగితే మనవాళ్ళు ఎప్పుడో చేసి పెట్టుకున్న శబ్దశిల్పం అదే.

అయితే ఈ గొట్టాల ఆలోచన నాకు వచ్చింది గుడిలో కాదు, రైలు స్టేషనులో. మనలో చాలామంది రెడ్ లైను ఎక్కినవాళ్ళే. ఎంఐటీ దగ్గరున్న కెండల్ స్టేషనులో రెండు పట్టాల మధ్యన, పైనుంచి వేలాడుతూ కొన్ని లోహపు సరుకులు కనిపిస్తాయి. ప్లాట్‌ఫారం గోడకి పిడులుంటాయి. వీటిని చేసినది పాల్ మాటిస్ అనే శిల్పి. పేరుపొందిన చిత్రకారుడు ఆన్రీ మాటిస్‌కి మనవడు. 1987లో వీటిని అక్కడ పెట్టారు. మొత్తానికి కెండల్ బ్యాండ్ అని పేరు. అందులో మూడు భాగాలున్నాయి: పైథాగరస్, కెప్లర్, గెలీలియో. పేర్లు ఊరికే పెట్టలేదు. పైథాగరస్ తీగ పొడవుకీ స్వరానికీ ఉన్న లెక్క చెప్పినవాడని ప్రతీతి. కెప్లర్ గ్రహాల నడకలో సంగీతం వెతుకుతూ 1619లో ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. గెలీలియో తండ్రి విన్సెంజో ల్యూట్ వాద్యం వాయించిన సంగీత శాస్త్రజ్ఞుడు. ఎదురుగా ఎంఐటీ పెట్టుకుని పెట్టాల్సిన పేర్లే.

గెలీలియో అంటే ఒక పెద్ద లోహపు రేకు. పిడి పట్టి ఊపితే దూరాన ఉరుము ఉరిమినట్టుంటుంది. కెప్లర్ ఒక అల్యూమినియం చక్రం. సుత్తి దెబ్బ పడ్డాక నిమిషాల తరబడి గుయ్యిమంటూనే ఉంటుంది. రైలు వచ్చి, జనం ఎక్కి, రైలు వెళ్ళిపోయాక కూడా చెవి పెట్టి వింటే ఇంకా ఉంటుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పైథాగరస్. పదహారు అల్యూమినియం గొట్టాలు, వాటి మధ్య పద్నాలుగు టేకు సుత్తులు. పిడి ఒకసారి లాగితే ఏమీ జరగదు. చాలామంది లాగి, ఏమీ మోగక, పాడైపోయిందనుకుని వెళ్ళిపోతారు. ఊయల ఊపినట్టు, సుత్తులు ఊగే వేగాన్ని కనిపెట్టి దానికి తగ్గట్టు లాగుతూ వదులుతూ ఉండాలి. అప్పుడు ఊపు కొద్దికొద్దిగా పెరిగి సుత్తులు గొట్టాలని తాకడం మొదలెడతాయి. ఇంజనీరింగు మొదటి సంవత్సరంలో రెజొనెన్సు అని బట్టీపట్టినది ఇదే కదా. మా మేష్టారు నల్లబల్ల మీద గీసిన గీతకన్నా ఈ పిడి బాగా చెప్తుంది.

ఇంకొకటి. ఆ పిడులు రెండు ప్లాట్‌ఫారాల మీదా ఉన్నాయి. అటు బోస్టను వెళ్ళే రైలు కోసం నిలబడినవారూ, ఇటు ఏల్‌వైఫ్ వెళ్ళే రైలు కోసం నిలబడినవారూ, ఒకరి మొహం ఒకరు ఎన్నడూ చూసి ఎరగనివారు, ఇద్దరూ కలిసి ఒకే సుత్తుల వరుసని ఊపవచ్చు. మధ్యన పట్టాలు. మాట్లాడుకోవడానికి వీల్లేదు, రైలు వస్తే ఆట కట్టు. మా చట్రానికి ఈ కిటుకే తెచ్చుకున్నాం. ఆ సంగతి తరవాత చెప్తాను.

పాల్ మాటిస్ గురించి మరొక్క మాట, మన ఇంజనీర్లకి నచ్చుతుంది. వాషింగ్టనులో నేషనల్ గ్యాలరీ తూర్పు భవనంలో పైకప్పు నుంచి వేలాడే అలెగ్జాండర్ కాల్డర్ మొబైల్ మీలో చాలామంది చూసే ఉంటారు. మొదట అనుకున్నట్టు ఉక్కుతో చేసి ఉంటే అది దాదాపు 6,600 పౌన్లు తూగేదట. అంత బరువు గాలికి కదలదు. మాటిస్ తేనెపట్టు అల్లికలాంటి అల్యూమినియం పలకలతో దాన్ని 920 పౌన్లకి దించాడు. 1977లో వేలాడదీశారు. చూడబోతే అతను సగం శిల్పి, సగం మనవాడు.

ఇక అసలు విషయం. చేతికి అందేలా పెట్టిన వస్తువు చెడిపోతుంది. రోజూ వేలమంది తిరిగే స్టేషనులో పిడి లాగేవాడు నెమ్మదిగా లాగుతాడా? కెండల్ బ్యాండు ఎన్నోసార్లు చెడిపోయింది. 2007 దాకా ఆ శిల్పే, డబ్బు ఆశించకుండా, స్వయంగా వచ్చి బాగుచేసుకునేవాడు. అతను మానుకున్నాక కొంతకాలం పిడులు లాగినా పలకలేదు. 2010లో ఎంఐటీ విద్యార్థులు కొందరు ఒక బృందంగా చేరి బాగుచేయడానికి పూనుకున్నారు. ఆ స్టేషనులో పిడి లాగి వెళ్ళిపోయినవారి లెక్క లేదు, బాగుచేసినవారిని మాత్రం వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. నాకు ఆ కళాఖండంలో ఈ బాగుచేతే ముఖ్యమైన భాగం అనిపిస్తుంది. కార్యవర్గంలో నేనీ మాట అంటే నవ్వారు.

కోశాధికారి గారి అభ్యంతరం వేరు: చప్పుడు. సంక్రాంతినాడు లోపల కూచిపూడి జరుగుతుంటే బయటనుంచి టంగు టంగుమని వినబడిందట. నిజమే, వినబడింది. ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. ఈ మాటిస్ గారే 1980లో కేంబ్రిడ్జి సిటీ హాలు బయట మ్యూజికల్ ఫెన్స్ అని ఒక కంచె పెట్టాడు. గొట్టాలతో చేసిన కంచె. చెరువు గట్టు మీద పిల్లాడు కర్రతో ఇనప కటకటాలు గీసుకుంటూ పరిగెత్తినట్టు, కర్ర ఆనించుకుంటూ నడిస్తే వరసగా స్వరాలు పలుకుతాయి. పగలు అందరికీ ముచ్చటే. అర్ధరాత్రి దారినపోయే కుర్రకారుకి మరీ ముచ్చట. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు నిద్రలేక మొర పెట్టుకుంటే, దాన్ని అక్కణ్ణించి తీసి లింకన్ ఊళ్ళో ఉన్న డీకొర్డోవా మ్యూజియం తోటకి తరలించారు. తుక్కు చెయ్యలేదు, చోటు మార్చారు. చూసే బొమ్మ నచ్చకపోతే కళ్ళు తిప్పుకోవచ్చు; చెవులకి రెప్పలు లేవు. అంచేత శబ్దశిల్పం పెట్టేవాడు పక్కవాడి చెవిని కూడా అడిగి పెట్టాలి. నేను కోరేదీ అదే: హాలు తలుపు దగ్గర కాదు, భోజనాల గది ఆ చివర పెడదాం. అక్కడ ఎలాగూ పులిహోర దగ్గర ఎవరి మాట ఎవరికీ వినబడదు.

మా చట్రం ఎలా తయారైందో కొంచెం వివరంగా చెప్తాను. ఎవరైనా మళ్ళీ చేయాలనుకుంటే పనికొస్తుంది. ఉద్యోగంలో నా పని యంత్రాలు అదరకుండా చూడడం. మోగేలా చేయడం నాకిదే మొదటిసారి. వీణ తీగని సగం చేస్తే ఒక స్థాయి పైకి వెళ్తుందని సంగీతం నేర్చుకునే పిల్లలకి కూడా తెలుసు. రెండు చివర్లా వదులుగా వేలాడే గొట్టం అలా కాదు. దాని స్వరం పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. అంటే సగం పొడవు చేస్తే పౌనఃపున్యం నాలుగు రెట్లవుతుంది, ఏకంగా రెండు స్థాయిలు పైకి పోతుంది. అందుకని ఒకే మందం, ఒకే వ్యాసం ఉన్న గొట్టాలు తీసుకుని, కింది షడ్జానికి 34 అంగుళాలు, మధ్య షడ్జానికి 24, పై షడ్జానికి 17 కోశాం. వీటి నడుమ మిగిలినవి. కోసేటప్పుడు ప్రతిదాన్నీ లెక్క కన్నా వెంట్రుకవాసి పొడుగ్గా ఉంచి, తరవాత ఆకురాయితో కొద్దికొద్దిగా అరగదీస్తూ శ్రుతి చేయాలి. పొడుగుని పొట్టి చెయ్యచ్చు, పొట్టిని పొడుగు చెయ్యలేం.

వేలాడదీయడంలో ఒక రహస్యం ఉంది. గొట్టం మోగేటప్పుడు రెండు చివర్లూ నడుమూ ఊగుతాయి, కానీ చివరనుంచి పొడవులో 22.4 శాతం దగ్గర రెండు చోట్ల కదలిక ఉండదు. అక్కడ కన్నం పెట్టి తాడు కట్టాలి. 24 అంగుళాల గొట్టానికి అది చివరనుంచి సుమారు 5.4 అంగుళాలు. మరోచోట కడితే తాడే గొట్టం నోరు నొక్కేస్తుంది. ఈ సంగతి పిల్లలకి చూపించాలంటే గొట్టాన్ని అక్కడ రెండు వేళ్ళతో పట్టుకుని కొట్టి చూడమనండి, మోగుతుంది. నడుమ పట్టుకుని కొట్టమనండి, టక్కుమని ఊరుకుంటుంది. పది నిమిషాల్లో అర్థమైపోతుంది. ఆ వారం మా గరాజులో ఆరో తరగతి పిల్లలు ముగ్గురు ఈ ఆట ఆడుతూ ఫోను సంగతే మరిచిపోయారు.

స్వరాలు ఏవి పెట్టాలన్న దానిమీద పెద్ద వాదమే జరిగింది. ఒకరు పన్నెండు స్వరస్థానాలూ ఉండాలన్నారు, లేకపోతే సినిమా పాటలు పలకవట. నేను మోహన అన్నాను. స రి గ ప ద, అయిదే స్వరాలు. మధ్యమం లేదు, నిషాదం లేదు. అర్ధస్వరం దూరంలో కీచులాడుకునే జంటలు ఇందులో లేవు కాబట్టి ఏ రెండు గొట్టాలు ఒకేసారి మోగినా చెవికి కటువుగా ఉండదు. మూడేళ్ళ పిల్ల లాగినా, సంగీతం టీచరుగారు లాగినా వినసొంపే. ఇదే స్వరక్రమం చైనాలోనూ స్కాట్లండు జానపద పాటల్లోనూ ఉందని, కాబట్టి ఆఫీసు స్నేహితుల్ని పిలిచినా వాళ్ళకీ పరాయిగా తోచదని నచ్చజెప్పాను. పైగా మన పిల్లలు ఆదివారం క్లాసులో నేర్చుకునే వరవీణా గీతం మోహనలోదే.

కెండల్ నుంచి తెచ్చుకున్నామన్న కిటుకు ఇది: పదకొండు తాళ్ళూ ఒకే పక్కకి పెట్టలేదు. ఒకటి విడిచి ఒకటి, ఆరు ఇటు, అయిదు అటు. ఒక పక్కవి పిల్లల ఎత్తులో. రెండో పక్క ఒక బల్ల వేసి, కూర్చున్నవారి చేతికి అందేలా. ఒక్కరే నిలబడి స రి గ ప ద అని వరసగా పలికించలేరు. అవతల పక్క మరొకరు కావాలి. దీన్ని కూడా సమావేశంలో ఒకరు లోపమన్నారు. అది కావాలని పెట్టినది.

ఎందుకు పెట్టామో చెప్పాలంటే మన పండగలు జరిగే తీరు కాస్త చెప్పుకోవాలి. ఎవరినీ నొప్పించడానికి కాదు. వేదిక మీద పిల్లలు ఒకరి తరవాత ఒకరు ఆడతారు, పాడతారు. మన పిల్ల ఐటమ్ అయ్యేదాకా కెమెరా పట్టుకుని కూర్చుంటాం, అయ్యాక బయటికి వచ్చి కాఫీ తాగుతూ ఇళ్ళ ధరలు మాట్లాడుకుంటాం. డాన్సు క్లాసుకి వెళ్ళని పిల్లలు మెట్లకింద ఫోనులో ఆటలాడుకుంటారు. ఇండియానుంచి ఆర్నెల్లకి వచ్చిన తల్లిదండ్రుల్ని ముందు వరసలో కూర్చోబెట్టి శాలువా కప్పి వదిలేస్తాం. ఇక్కడ పుట్టిన పిల్లలు వాళ్ళతో అనగలిగింది “బాగున్నారా తాతగారూ” అన్న ఒక్కమాట; ఆయన “బాగున్నాను బాబూ” అన్నాక ఇద్దరికీ మాట అందదు. ఎన్ని భాషా తరగతులు పెట్టినా ఆ తరవాతి మాట ఇంకా దొరకలేదు.

సంక్రాంతినాడు మధ్యాహ్నం రాజమండ్రి నుంచి వచ్చిన ఒక మామ్మగారు మోకాళ్ళ నొప్పితో నడవలో ఆ బల్ల మీద కూలబడ్డారు. చేతికి తాడు తగిలింది, లాగారు. అవతల ఎవరో కుర్రాడు జవాబుగా లాగాడు. ఆవిడ మళ్ళీ లాగారు. కొంతసేపటికి ఆవిడ వరవీణా ఎత్తుగడ నోటితో అంటూ, తన వంతు స్వరం వచ్చినప్పుడు తాడు లాగుతూ, అతని వంతు వచ్చినప్పుడు చేత్తో సైగ చేస్తున్నారు. వాడికి సంగీతం రాదు, ఆవిడకి ఇంగ్లీషు రాదు. తప్పినప్పుడల్లా “ఊహూఁ” అంటారు, కుదిరితే “ఆఁ” అంటారు. ఆ రెండు మాటలతో అరగంట నడిచింది. వాళ్ళ అమ్మ భోజనానికి పిలిస్తే వాడు వెళ్ళలేదు. ఇలాంటివి ఆ రోజు నేను చూసినవే నాలుగైదున్నాయి. మూడింటికల్లా రెండు తాళ్ళు తెగాయి. అంటే బాగా వాడారన్నమాట.

ఇక ఎలక్ట్రానిక్సు మిత్రుల మాట. సెన్సారు పెట్టి, చెయ్యి ఊపితే కంప్యూటరు లోంచి వీణ వినిపించేలా చేద్దాం, తాళ్ళూ తెగవు, చప్పుడూ తగ్గించుకోవచ్చు అంటున్నారు. అలాంటివి ఉన్నాయి, మంచివే ఉన్నాయి. న్యూయార్కులో 34వ వీధి హెరాల్డ్ స్క్వేర్ సబ్‌వే స్టేషనులో క్రిస్టఫర్ జానీ అనే కళాకారుడు 1990లలో అలాంటిదే పెట్టాడు: పైన ఉన్న కన్నాల ముందు చెయ్యి ఊపితే శబ్దాలు వస్తాయి. నాకు అభ్యంతరం ఒక్కటే. సెన్సారు దగ్గర పిల్లాడికి శబ్దం ఎందుకు వచ్చిందో కనబడదు. మా చట్రంలో తాడు, కప్పీ, సుత్తి, గొట్టం అన్నీ కళ్ళెదుటే ఉంటాయి. చెడిపోతే ఎక్కడ చెడిందో పదేళ్ళవాడు వేలుపెట్టి చూపిస్తాడు. పాస్‌వర్డు మరిచిపోయామన్న బాధ లేదు.

మన సంస్కృతిలో ఇంత గొప్ప శబ్దశిల్పాలుంటే గొట్టాలెందుకు అని అడిగినవారూ ఉన్నారు. హంపీ విఠలాలయం మాట ఎత్తారు. రంగమంటపంలో 56 సంగీత స్తంభాలు, నిజంగానే అపురూపం. రాతిలోంచి స్వరం తీసిన ఆ శిల్పుల ముందు మా అల్యూమినియం ఏపాటిది? కానీ ఇవాళ అక్కడ వాటిని తట్టనివ్వరు. తట్టీ తట్టీ స్తంభాలు దెబ్బతింటుంటే పురావస్తుశాఖవారు ఆపించారు. సరిగానే చేశారు, అవి విరిగితే మళ్ళీ చెక్కేవారు లేరు. హంపీ స్తంభాన్ని ఫొటోలో చూపించి “ఇది మోగేది” అని మన పిల్లలకి చెప్పవచ్చు. చెప్పాలి కూడా. చెప్పాక వాళ్ళ చేతికి ఏదో ఒకటి ఇవ్వాలి కదా. విరిగినా పరవాలేనిది, హార్డువేరు షాపులో మళ్ళీ దొరికేది.

నేను సంఘాన్ని డబ్బు అడగడం లేదు. గొట్టాలున్నాయి, చట్రం ఉంది. చెక్కకి ఒక పూత వార్నీషు కావాలి. కావలసినది మనుషులు. ఏటా ఇద్దరు, ఒకరు పెద్ద, ఒకరు హైస్కూలు పిల్ల లేక పిల్లాడు, దీని బాధ్యత ఒప్పుకుని తాళ్ళు, సుత్తులు, బోల్టులు చూసుకోవాలి. ఏడాది తిరిగాక పనిముట్ల పెట్టె మరో ఇద్దరికి అప్పజెప్పాలి. కార్యవర్గం పట్టికలో సాంస్కృతిక కార్యదర్శి, భోజనాల కార్యదర్శి పేర్ల కింద ఈ ఇద్దరి పేర్లూ అచ్చువేయాలి. దీనికి ఒప్పుకుంటే చట్రం దాచడానికి మా గరాజు ఇస్తాను. మా ఆవిడ కూడా ఒప్పుకుంది, కారు పట్టేంత చోటు మిగల్చాలన్న షరతు మీద. ఇద్దరు దొరక్కపోతే తుక్కుకి వేసేయండి, నేనే ట్రక్కు తెస్తాను. మోగని గొట్టాలు గోడకి అలంకారంగా తగిలించడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఉగాది అయిన మరుసటి శనివారం ఉదయం పదింటికి మా గరాజు తలుపు తీసి ఉంటుంది. తెగిన తాళ్ళు రెండూ మార్చాలి, నాలుగు సుత్తులకి రబ్బరు బంతులు అరిగిపోయాయి. పిల్లల్ని తీసుకురండి. ఇంటికి పెద్దవాళ్ళు వచ్చి ఉంటే వాళ్ళనీ తీసుకురండి, బల్ల వేసే ఉంచుతాను.